ఉప్పుటేరు నీటి పరీక్ష: ఎవరికీ ఇబ్బంది కలగని పద్ధతి

కొల్లేరు నీటిని బంగాళాఖాతంలో కలిపే ఉప్పుటేరును స్వచ్ఛందంగా పరీక్షించాలని బయల్దేరిన మిత్రులారా! ఈ సూచనలు పాటిస్తే మీకు శ్రమా ఉండదు, ఊళ్ళో ఎవరికీ కోపమూ రాదు.

1. తెల్లవారుజామున వెళ్ళకండి. రాత్రంతా నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేసుకుంటాయి. లీటరుకు 2 మిల్లీగ్రాములైనా లేదని ఆ వేళ మీటరు చూపిస్తే లేనిపోని గొడవ. భోంచేసి, కునుకు తీసి మూడింటికి వెళ్ళండి. ఎండ పూట నాచు ఆక్సిజన్ వదులుతుంది, అంకె కళకళలాడుతుంది.

2. మొగ దగ్గర, నిండు పోటు మీద నీళ్ళు పట్టండి. సముద్రం మురుగును వెనక్కి నెట్టి, పలచన చేసి పెడుతుంది. పాటు మొదలై పైనున్న చెరువుల నీరు దిగేసరికి మీరు టీ కొట్టు దగ్గరుండాలి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది కదా, పుస్తకంలో పోటో పాటో రాయకండి. అంకెలు మారినప్పుడల్లా ‘ఏరు బాగుపడింది’ అని ప్రకటించుకోవచ్చు.

3. పైనీరే ముంచండి. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది, మంచినీరు పైన తేలుతుంది. పైన ఉప్పు 5 పీపీటీ (వెయ్యికి 5 వంతులు), అడుగున 25 ఉన్నా సరే, ఏరంతా 5 అని రాసేయండి.

4. సీసా కొనకండి. ఇంట్లో ఖాళీ అయిన ఆవకాయ సీసా ఉంటే ఉప్పు కూడా కలిసొస్తుంది.

5. మలకాలుష్యం ఆనవాలుకు ఉప్పునీట్లో ఎంటరోకాకై బ్యాక్టీరియా వెతకమంటారు, అవి ఉప్పును తట్టుకుని ఎక్కువకాలం బతుకుతాయట. అందుకే మీరు తొందరగా చచ్చే ఈ.కోలైని వెతకండి. ఆరు గంటల్లోగా, ఐసులో పెట్టి ల్యాబుకు చేర్చాలన్న నియమం మీకు వర్తించదు. సీసాని రెండు రోజులు బండి డిక్కీలో తిప్పండి.

6. మీటరును ప్రామాణిక ద్రావణంతో సరిచూడకండి. అనుమానించినట్టు ఉంటుంది. నచ్చని అంకె చూపిస్తే మాత్రం మీటరు చెడిపోయిందని కొట్టేయండి.

7. చివరిగా, స్థానికులను చేర్చుకోకండి. జాలరికి పోటుపాట్ల వేళలు నోటికి వస్తాయి. రొయ్యల రైతు తెల్లారకముందే చెరువులో కరిగిన ఆక్సిజన్ చూసుకుని ఏరేటర్లు తిప్పుతాడు. వాళ్ళను కలుపుకుంటే నిజంగానే పరీక్ష జరిగిపోయే ప్రమాదముంది.