భద్రమైన, చవకైన దేశం కావలెను

మార్కాపురం, గిద్దలూరు వైపు నలుగురు కూర్చుంటే ఒకప్పుడు వాన గురించి మాట్లాడుకునేవాళ్లు. వాన ఎటూ రాదని తేలిపోయిందో ఏమో, ఇప్పుడు దేశాల గురించి మాట్లాడుకుంటున్నారు. టీ బంకు దగ్గర, కల్యాణ మండపంలో రెండో బంతికి ఎదురుచూసే చోట, చెన్నకేశవస్వామి గుడి ముందు ఎక్కడ విన్నా ఒకటే ప్రశ్న. "పిల్లోడు బయటికి పోతానంటున్నాడు. భద్రంగా ఉండి, చవకగా పడే దేశమేది సామీ?"

జవాబు చెప్పేవాళ్లకు కొరత లేదు. దోర్నాల దాటి ఘాటెక్కితే కళ్లు తిరిగే పెద్దమనిషి పోర్చుగల్ వాతావరణం మీద తీర్పిస్తాడు. ఒంగోలు పోవాలంటే రెండు రోజులు ఆలోచించే ఆసామి జార్జియాలో ఇంటద్దెలు వీధుల వారీగా చెబుతాడు. ఇంత జ్ఞానం ఎక్కడిదంటే ఫోన్ తీసి చూపిస్తారు. 'ప్రపంచంలో అత్యంత భద్రమైన, చవకైన పది దేశాలు' అని ఒక వీడియో. వెనక సముద్రం, ముందు ఒక కుర్రాడు. ఆ కుర్రాడు ఈ పది దేశాల్లో దేంట్లోనూ ఉండడు. కూకట్‌పల్లిలో అద్దెకుంటాడు.

సరే, కుర్రాడి సంగతి వదిలేద్దాం. అతనికి ఆ పట్టికలిచ్చిన పెద్దలున్నారు కదా, వాళ్ల లెక్క చూద్దాం. ఆస్ట్రేలియా కేంద్రంగా ఉన్న ఒక సంస్థ ఏటా ప్రపంచ శాంతి సూచీ విడుదల చేస్తుంది. అందులో 2008 నుంచీ మొదటి స్థానం ఐస్‌లాండ్‌దే. భేష్. అదే ఐస్‌లాండ్‌లో గ్రిండావిక్ అనే ఊరి కింద 2023 నవంబరులో భూమి బీటలిచ్చింది. అగ్నిపర్వతం పొగరు చూపిస్తుంటే దాదాపు నాలుగు వేల మంది జనాన్ని రాత్రికి రాత్రి ఊరు ఖాళీ చేయించారు. ర్యాంకుకు మాత్రం ఢోకా రాలేదు. ఎందుకొస్తుంది? ఆ సూచీ చూసేది హత్యలు, యుద్ధాలు, జైళ్లు, ఆయుధాల లెక్క. ఇంటి కింద లావా ఉందా అని అది అడగదు. కొత్తగా దిగిన మన పిల్లోడికి అక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాడు ఉన్నాడా అని అసలే అడగదు.

చవక లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. నంబియో అని ఒకటుంది. న్యూయార్కును నూరు మార్కుల కింద పెట్టుకుని మిగతా ఊళ్లన్నిటికీ మార్కులు వేస్తుంది. ధరలు ఎవరు రాస్తారంటే, ఎవరైనా రాయొచ్చు. మెర్సర్ అనే సంస్థదీ ఒక పట్టిక ఉంది. అది పెద్ద కంపెనీలు తమ ఉద్యోగిని ఫలానా ఊరికి పంపిస్తే ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి తయారుచేసిన లెక్క. అంటే జీతం కంపెనీది, ఇల్లు కంపెనీది, విమానం టికెట్టూ కంపెనీదే. అలాంటి దొరబాబు కోసం వేసిన లెక్కను చూసి, నాలుగెకరాల మెట్ట తాకట్టు పెట్టిన రైతు తన కొడుక్కి దేశం ఎంచుతున్నాడు.

ఈ కొలతలే అసలు కొలతలైతే మన మార్కాపురం ఆ పట్టికలో ఎందుకు లేదో నాకు బోధపడటం లేదు. పెట్టి చూద్దాం. ఇంటద్దె చవక. కపుచినో దొరకదు కాబట్టి దాని ఖర్చు సున్నా. ఎండ కోసం తెల్లవాళ్లు డబ్బు పోసి సముద్ర తీరాలకు పోతారు. మనకు ఏప్రిల్, మే నెలల్లో అదే ఎండ ఇంట్లోకొచ్చి మంచం పక్కన కూర్చుంటుంది, పైసా అడగదు. ప్రకృతి కావాలా? నల్లమల ఉంది. వైశాల్యంలో దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం నాగార్జునసాగర్–శ్రీశైలం అడవే. అంత నిశ్శబ్దంగా ఉండే ఇరుగుపొరుగు పోర్చుగల్‌లో దొరకరు. ఇంటి ముందు సరస్సు ఉండాలంటారా? గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఉంది. వానలు పడిన ఏడు సరస్సు. పడని ఏడు మైదానం. ఒకే ఖర్చుతో రెండు దృశ్యాలు.

నీళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం పట్టికలో గడి చాలదు. నంబియో అడిగేది మూడో వంతు లీటరు సీసా ధర. మనం సీసాలతో కొనం. వేసవిలో పొద్దున్నే ఏ వీధికైనా పోయి చూడండి. గోడ వారగా నీలం డ్రమ్ములు వరసలో నిలబడి ఉంటాయి. ఏది ఎవరిదో గుర్తుండేందుకు మూతల మీద పెయింటుతో ఇంటిపేర్లు. ట్యాంకర్ హారన్ వినపడగానే ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలేసి వస్తారు. పైపు ఒక డ్రమ్ములోంచి తీసి ఇంకో డ్రమ్ములో వేసే ఆ రెండు క్షణాల్లో కింద పడే నీళ్ల కోసం ఒక పిల్ల బిందె పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. అవి వాడకానికి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాను వేరే కొనాలి. బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్ పళ్ల మీద గోధుమరంగు గార కడుతుంది, ఆ తర్వాత మోకాళ్ల సంగతి చూసుకుంటుంది. ఈ ఖర్చు ఏ సూచీలోనూ పడదు కాబట్టి మనం అధికారికంగా చవకే.

ఇవన్నీ తీరుతాయని పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి కొండల కడుపులోంచి ఒక్కొక్కటి పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాలు. 2024 మార్చిలో వాటికి ప్రారంభోత్సవమూ అయింది. నిర్వాసితుల పునరావాసం, కాలువ పనులు మాత్రం ఆ రిబ్బను కత్తిరించాక కూడా మిగిలే ఉన్నాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లోడు బీటెక్ చదివి, వీసా స్టాంపు వేయించుకుని, అమెరికాలో దిగాడు. నీళ్లకంటే వాడే ముందు గమ్యం చేరాడు.

కదలకుండా వలసపోవడంలోనూ మనకు మంచి అనుభవముంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా అయ్యాయి. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2025 చివర మార్కాపురం పేరు మీదే కొత్త జిల్లా వచ్చింది. అదే ఇంట్లో, అదే మంచం మీద కూర్చున్న ముసలాయన నాలుగు జిల్లాల పేర్లు చూశాడు. ఆయన్ని ఏ సూచీ వలసదారుగా లెక్కేయలేదు.

ఇక అసలు విషయానికొద్దాం. భద్రమైన, చవకైన చోటు కోసం తెలుగువాళ్లు వెతకడం ఇవాళ మొదలుపెట్టిన పని కాదు. ఓడలెక్కి రంగూన్ పోయిన రోజుల్లో రంగూన్ అలాంటి ఊరే. పని దొరికేది, బియ్యం చవక. 1930 మే నెలలో అక్కడి రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు, యజమానులు బర్మా కూలీలను దింపారు, సమ్మె ముగిశాక మళ్లీ మనవాళ్లను తీసుకున్నారు. అంతే, వీధుల్లో ఊచకోత. 1942లో జపాన్ సైన్యం వస్తే వేల మంది అడవుల్లో నడిచి తిరుగుముఖం పట్టారు. మిగిలినవాళ్లను అరవైల్లో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి సాగనంపింది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే.

తర్వాత కువైట్. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చేనాటికి అది భద్రమైన దేశమే. ఆ ఏడాది లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఉక్రెయిన్. మన దగ్గర ప్రైవేటు ఎంబీబీఎస్ సీటు కొనలేని ఇళ్లకు 'చవకైన వైద్య విద్య' అని కన్సల్టెన్సీలు చూపించిన దేశం. 2022 ఫిబ్రవరిలో బాంబులు పడ్డాక పిల్లలు మెట్రో స్టేషన్లలో పడుకున్నారు. ఆపరేషన్ గంగ విమానాల్లో వచ్చినవాళ్లతో కలిపి ఇరవై రెండు వేల మందికి పైగా తిరిగొచ్చారు. అప్పుడైనా బుద్ధి వచ్చిందా అంటే, కన్సల్టెన్సీ బోర్డు మీద ఉక్రెయిన్ చెరిపి కిర్గిజ్‌స్థాన్ రాశారు. 2024 మేలో బిష్కెక్‌లో అల్లరి మూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. ఆ బోర్డు మీద తర్వాత ఏ పేరు రాశారో మీ ఊరి కూడలికి పోయి చూసుకోండి.

పట్టికలు చూసేది దేశాన్ని. ఆ దేశంలో నీ కాగితాన్ని కాదు. భద్రత అనేది మనిషి చేతిలోని కాగితంలో ఉంటుంది. కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడమనిషిది ఖాదిం వీసా. ఆమె అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ అనే యజమాని దయ మీద నడుస్తుంది. యజమానికి కోపమొచ్చి పారిపోయిందని కేసు పెడితే, ఆ వీధిలో దొంగతనాలు ఎన్ని తక్కువైనా ఆమెకు ఒరిగేదేమీ లేదు. పాపం ఆమె చదువుకోలేదు అనుకుంటాం. మరి చదువుకున్న మన బాబు? అతనిది అమెరికా పని వీసా, హెచ్‌-1బి. ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా పెట్టె సర్దాలి. కఫీల్ అరబ్బీలో అరుస్తాడు, మేనేజరు ఇంగ్లిషులో ఈమెయిల్ పెడతాడు. అంతవరకే తేడా.

ఆ కాగితం ధర కూడా రాత్రికి రాత్రి మారుతుంది. 2025 సెప్టెంబరులో ట్రంప్ సంతకం పెట్టి, బయటి నుంచి తెచ్చుకునే కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్నాడు. కెనడా, విదేశీ విద్యార్థి బతుకు ఖర్చు కింద చూపించాల్సిన పదివేల కెనడా డాలర్లను 2024 జనవరిలో 20,635కు, 2025 సెప్టెంబరులో 22,895కు పెంచింది. శాంతి సూచీలో కెనడా చల్లగా పై వరసలోనే ఉంది. ఇక్కడ తాకట్టుకు పోయింది మాత్రం రెండో పొలం.

చవక సంగతీ ఇంతే. ఏ ఊరైనా అక్కడ సంపాదించనివాడికే చవక. లిస్బన్ చవకని అమెరికా డాలర్లు, ఇంగ్లండు పౌండ్లు వెంటబడి పోయాయి. ఇల్లు కొంటే నివాస అనుమతి ఇస్తామని పోర్చుగల్ 2012లో గోల్డెన్ వీసా తెరిచింది. కొన్నేళ్లకు అక్కడే పుట్టినవాళ్లు అద్దెలు కట్టే దిక్కులేక వీధుల్లోకి వచ్చారు. 2023లో ప్రభుత్వం ఆ ఇళ్ల దారి మూసేసింది. ఇది మనకు కొత్త కథ కాదు. జిల్లా కేంద్రం అన్న మాట గాల్లోకి రాగానే మార్కాపురం చుట్టూ వెంచర్ల బోర్డులు మొలిచాయి. ప్లాటు కొనేవాడు చవకగా వచ్చిందని మురిసిపోతాడు. అదే ఊళ్లో పలకల పని చేసుకుని బతికేవాడు గజం ధర విని కిందికి చూస్తాడు. ఈ పోకడలో ఏ చిక్కూ లేకుండా విదేశాల్లో స్థిరపడింది మార్కాపురం పలకరాయి ఒక్కటే. వీసా లేకుండా పోయి, అక్కడి ఇళ్ల గోడలకు అంటుకుపోయింది.

మన పడమటి మండలాల నుంచి ఏటా కదిలేవాళ్లలో చాలామంది పాస్‌పోర్టు ముఖం చూసినవాళ్లు కారు. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు, ఇళ్ల పనికి హైదరాబాదు, బెంగళూరు పోయేవాళ్లు. వాళ్ల దగ్గర సూచీలు లేవు. బయల్దేరే ముందు అడిగేవి నాలుగే మాటలు. మేస్త్రీ ఎవరు? అడ్వాన్సు ఎంత? ఆడ మనోళ్లు ఎవరన్నా ఉన్నారా? గుడిసె వేసే చోట నీళ్లున్నాయా? మెర్సర్ రెండు వందల వస్తువుల ధరలు లెక్కపెట్టినా ఈ నాలుగు ప్రశ్నలకు సాటి రాదు. మేస్త్రీ అంటే కాగితం ఎవరి చేతిలో ఉందన్నది. అడ్వాన్సు అంటే అప్పు ఎంతన్నది. మనోళ్లు అంటే రాత్రి పూట జ్వరమొస్తే తలుపు తట్టేది ఎవరన్నది. నీళ్లంటే నీళ్లే.

పోవద్దని నేననడం లేదు. బేస్తవారిపేట దగ్గర మోక్షగుండం అని ఊరుంది. ఎన్నో తరాల కిందట అక్కణ్నుంచి ఒక కుటుంబం మైసూరు వైపు పోయి, ఊరి పేరును ఇంటిపేరుగా పట్టుకెళ్లింది. ఆ ఇంట్లో పుట్టినవాడే విశ్వేశ్వరయ్య. కృష్ణరాజసాగర్‌తో మండ్యకు నీళ్లిచ్చాడు. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు జలాశయాల దారి చూపించాడు. ఆయన పూర్వీకుల ఊరున్న సీమలో మనం ఇంకా ట్యాంకర్ హారన్ కోసం చెవి ఒగ్గి కూర్చున్నాం. పోయినవాళ్లు బాగుపడ్డారు, నిజమే. వాళ్లు పోయేముందు పది దేశాల పట్టిక చూసి పోలేదన్నదీ నిజమే.

కాబట్టి పిల్లోడు ఫోన్లో ఆ వీడియో తెచ్చి చూపిస్తే, తిట్టకండి. కూర్చోబెట్టి మన కూలీ మనిషి అడిగే మాటలే అడగండి. నీ కాగితం ఎవరి చేతిలో ఉంటుంది, వాడికి కోపమొస్తే ఎన్ని రోజుల గడువు? అప్పు ఎంత, ఉద్యోగం రాకపోతే అది తీర్చేదెవరు? నడిరాత్రి ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఆ ఊళ్లో ఒక్కడైనా ఉన్నాడా? జవాబులు దొరికితే ర్యాంకు అరవై అయినా ధైర్యంగా పంపండి. దొరక్కపోతే ఒకటో ర్యాంకు దేశమైనా సరే, పొలం పాసుపుస్తకం బీరువాలోంచి బయటికి తీయకండి.