ఎర్రరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
ఏదో పొరపాటు జరిగినది. దయచేసి మరల ప్రయత్నించండి.

అవతారిక: కూతురి స్కాలర్‌షిప్పు కోసం ఒకానొక వెబ్‌సైటులో గడులన్నీ నింపి, ఫొటో ఎక్కించి, ‘సబ్మిట్’ నొక్కిన నాయికతో సర్వర్ పలికిన వాక్యమిది. అష్టవిధ నాయికల్లో ఈమె ఓటీపీ వచ్చేదాకా విరహోత్కంఠిత, వచ్చాక విప్రలబ్ధ. అక్షరాలు ఎర్రగా ఉన్నాయి కనుక రౌద్రరసమని కొందరు. నాయిక పక్షాన చూస్తే కరుణమే.

ప్రతిపదార్థం: ఏదో = మాకు తెలిసినా నీకు చెప్పనవసరం లేని; పొరపాటు = నీ తప్పు; జరిగినది = దానంతటదే కలిగినది (ఇక్కడ కర్త కోసం వెతకరాదు); దయచేసి = విసుక్కోకుండా; మరల = మొదటి గడి నుంచి; ప్రయత్నించండి = నెట్ సెంటరుకు పొండి.

తాత్పర్యం: సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిన పట్టినవాడు. మూలంలోనే ఏమీ లేకపోతే ఆయన మాత్రం ఏం చేసేవాడు? అందుచేత సర్వర్ లాగ్‌ను ఆశ్రయించక తప్పదు. అక్కడ అంతా విడమరిచి ఉంది: ‘లాస్ట్ నేమ్’ గడిలో ఒకే అక్షరం ఉంది, కనీసం రెండుండాలి. నాయిక ఆధార్‌లో ఇంటిపేరుకు ‘కె’ అనే పొడి అక్షరమే ఉంది. ఆధార్‌లో ఉన్నట్టే రాయాలని ఫారం పైన ఒక నియమం, రెండక్షరాలకు తగ్గరాదని కోడులో మరొకటి. మొదటిది పాటిస్తే రెండోది తప్పుతుంది. రెండోది ఆమెకు కనబడదు.

ఆక్షేపం: “మా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే!”

సమాధానం: చేస్తుంది. టెస్టింగులో ఇంటిపేరు ‘టెస్ట్’, ఓటీపీ ఎప్పుడూ 123456. కనుక ఓటీపీ కోసం మెసేజీల్లోకి వెళ్లే అగత్యం జట్టులో ఎవరికీ కలగలేదు. నాయిక వెళ్లింది. ఆమెది ర్యామ్ తక్కువ ఫోను. మెసేజీ తెరవగానే బ్రౌజరులోని పేజీని మెమరీలోంచి తోసేసింది. ఆరంకెలూ నోట్లో వల్లించుకుంటూ తిరిగి వచ్చేసరికి పేజీ కొత్తగా లోడై, గడులన్నీ ఖాళీ. ఆమె మళ్లీ అన్నీ నింపిన తరువాతే పై మూలవాక్యం అవతరించింది. ఈ సంగతి డాష్‌బోర్డులో ‘ఒక యూజరు, రెండు పేజీ వ్యూలు’ అని నమోదవుతుంది. ఆదరణ పెరిగిందని మీటింగులో సంతోషిస్తారు కూడాను.

విశేషాలు: ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్‌లో కింది వత్తు తెగి ‘దరఖాస్తు’ కాస్తా ‘దరఖాసు’ అయింది. ఇది వత్తులోపం, కవి ప్రయోగం కాదు.

ఇక శాస్త్ర ప్రమాణం. 1994లో యూజబిలిటీ నిపుణుడు యాకోబ్ నీల్సన్ ప్రకటించిన పది ఇంటర్‌ఫేస్ సూత్రాల్లో తొమ్మిదవది ఈ ఘట్టానికే చెందుతుంది: తప్పేమిటో మామూలు మాటల్లో చెప్పాలి, దిద్దుకునే దారి చూపాలి. ఆ సూత్రాలు ఆఫీసు గోడమీద ఫ్రేము కట్టి ఉన్నాయి, చదవడానికి వీలైన ఎత్తులోనే.

పాఠాంతరం: “ఆధార్‌లో మీ ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటే అలాగే ఉంచండి. మీరు నింపిన వివరాలు భద్రంగా ఉన్నాయి.” ఇది ప్రక్షిప్తమనీ, మూలకారుల శైలి కాదనీ డెవలపర్ల వాదం. పోనీ కోడైనా దిద్దమంటే, వచ్చే స్ప్రింటులో చూద్దామన్నారు. దరఖాస్తుకు గడువు ఈ శనివారం.