తానీషా రసీదు, మాయ చందా

లినక్స్ మీద వృత్తిస్థాయి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకోవడం రెండు కమాండ్ల పని అనీ, గ్రాఫిక్స్ డ్రైవర్లన్నీ ఓపెన్ సోర్స్ అయిపోయాయి కనుక భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం అడవి అంచున కూర్చున్న విద్యార్థి సైతం హైదరాబాదు స్టూడియోకు సాటి వచ్చేశాడనీ చాటేవారి ఔదార్యం మెచ్చదగినదే. ఆ రెండు కమాండ్లకు ముందు ఏం చేయాలో, అవి విఫలమయ్యాక ఏం చేయాలో మాత్రం వారు విద్యార్థి పుణ్యానికే వదిలేస్తారు.

ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పే మాటను గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా చేరవేసే దుబాసీయే డ్రైవర్. ఆ దుబాసీ ఏం చెబుతున్నాడో ఎవరైనా చదివి, తప్పుంటే దిద్దగలిగితే అది ఓపెన్ సోర్స్ డ్రైవర్. ఏఎండీ, ఇంటెల్ కార్డుల దుబాసీలు లినక్స్ కెర్నెల్‌లోనూ, 1993లో బ్రయన్ పాల్ మొదలుపెట్టిన మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోనూ ముందే కొలువుదీరి ఉంటారు కనుక వారిని వేరే పిలవనక్కరలేదు. ఎన్‌విడియా కథ వేరు. ఆ సంస్థ 2022 మేలో కెర్నెల్ మాడ్యూళ్ల మూలాన్ని బయటపెట్టగానే తలుపులు తెరుచుకున్నాయని భజనలు మొదలయ్యాయి గానీ, బొమ్మ గీసే అసలు విద్య కెర్నెల్ వెలుపలి మూసిన భాగాల్లోనూ, కార్డులో నడిచే ఫర్మ్‌వేర్‌లోనూ భద్రంగానే ఉండిపోయింది. వీధి అరుగు ఊరందరిదీ, వంటిల్లు మాత్రం వారిదే. పైగా 2018 నాటి ట్యూరింగ్ తరం కంటే పాత కార్డు కొన్నవాడికి ఆ అరుగు కూడా దక్కదు.

ఇక ‘ప్రొఫెషనల్’ అన్న బిరుదు సంగతి. ఆటోడెస్క్ వారి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ మాయ లినక్స్‌లో రెడ్‌హ్యాట్, రాకీ వంశాలనే గుర్తిస్తుంది. దాని మూట కూడా ఆ వంశాచారమైన ఆర్‌పీఎం రూపంలోనే వస్తుంది. ఉబుంటు వాడుతున్నవాడు ఆ మూటను డెబియన్ రూపానికి మార్చి, లేని లైబ్రరీలను ఒక్కొక్కటిగా వెతికి తెచ్చి అతికించుకోవాలి. గిగాబైట్ల కొద్దీ ఆ సరంజామానంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకోవడం కూడా ‘సులభం’ కిందికే వస్తుంది కాబోలు.

భద్రాచలానికి బాకీల కథ కొత్త కాదు. గుడికి రామదాసు ఖర్చుపెట్టిన ఆరు లక్షలను రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి చెల్లిస్తే గోల్కొండ సుల్తాను తానీషా రసీదు ఇచ్చాడనీ, దానితో ఖైదు తీరిపోయిందనీ ఐతిహ్యం. మాయకు శాశ్వత లైసెన్సుల అమ్మకం 2016లోనే ఆగిపోయింది కనుక, ఇప్పుడు ఆ సోదరులే దిగివచ్చినా చందా కట్టి, గడువు తీరగానే మళ్లీ రావలసిందే. విద్యార్థులకు ఉచితమే, కాకపోతే చదువుతున్నట్టు రుజువు చూపి ఏటేటా పునరుద్ధరించుకోవాలి.

ఇంతలో ఏ బిరుదూ లేని యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ పక్కనే ఉంది. 2002లో జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాని మూలాన్ని విడిపించారు. మూట విప్పి నొక్కితే నడుస్తుంది. దానికీ చిక్కు లేకపోలేదు. కాంతి కిరణాల లెక్కతో బొమ్మ తీసే సైకిల్స్ అనే దాని రెండరర్, 2021 డిసెంబరులో వచ్చిన 3.0తో, కార్డు చేత లెక్కలు చేయించే ఓపెన్‌సీఎల్‌ను వదిలేసింది; లినక్స్ మీద ఏఎండీ కార్డు చేత ఆ లెక్కలు చేయించాలంటే హిప్ అనే మరో సరంజామా కావాలి. అది లేకపోతే అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఓపెన్ డ్రైవర్ ఉన్న కార్డు చేతులు కట్టుకుని కూర్చుంటే ప్రాసెసరే రాత్రంతా ఫ్రేములు మోస్తుంది. అయితే 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’కు ఆ సైకిల్స్ కూడా అక్కరలేకపోయింది, బ్లెండర్‌లోనే ఉన్న ఈవీ అనే తేలికపాటి రెండరర్‌తో అది పూర్తయింది, ఆ ఈవీకి మెసాలోని దుబాసీ చాలు. ఇన్‌స్టాల్ చేయడానికి ఏమీ మిగలని ఆ సాఫ్ట్‌వేర్‌ను ‘ప్రొఫెషనల్’ అనడానికి మాత్రం బిరుదులు పంచేవారికి ఇంకా నోరు రావడం లేదు.