ఉన్నదే చూపించాను

నేను గాజు స్లైడును. 75 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు. ఆక్లాండ్‌లో ఒక ల్యాబ్ సొరుగులో తోటివాళ్లతో ఒరుసుకుంటూ నిలబడి ఉంటాను. నా మీద ఒకాయన కడుపులోంచి గిల్లిన ముక్క ఉంది. దాన్ని మైనంలో పోతపోసి, మూడు నాలుగు మైక్రాన్ల పొరగా కోసి, గోరువెచ్చటి నీళ్ల మీద తేల్చి నాకు అంటించారు. తర్వాత రంగుల్లో ముంచితే కణకేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా తేలింది.

నన్ను చదివిన డాక్టరమ్మది వరంగల్. గదిలో ఎవరూ లేకపోతే క్రిమితోనే మాట్లాడతారు: "యాడ దాక్కున్నవ్‌రా?" వెతికేది హెలికోబాక్టర్ పైలోరీని. జిగురులో, గ్రంథుల నోళ్ల దగ్గర, పిల్లలు ఆకాశంలో గీసే పక్షుల్లాంటి వంకర గీతలు కనిపించాలి. ఒక గుండ్రటి చుక్క దగ్గర ఆగారు. రంగు మడ్డి! వాపు కణాలు మాత్రం చాలానే ఉన్నాయి. అనుమానం తీరక నా మైనపు బ్లాకును మళ్లీ కోయించి, క్రిమి ఉంటే గోధుమరంగులో చూపించే ఇమ్యునో రంగు వేయించారు. గోధుమరంగు గీత ఒక్కటీ లేదు. 'కనబడలేదు' అని రిపోర్టు వెళ్లింది.

1979లో పెర్త్‌లో రాబిన్ వారెన్ ఈ క్రిమిని కడుపు ముక్కల్లో గమనించాడు. కడుపు వాపు దానివల్లేనని చూపడానికి 1984లో ఆయన సహచరుడు బారీ మార్షల్ దాన్ని తాగాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మా ఆక్లాండ్‌లో ఆర్థర్ మోరిస్ కూడా తాగాడని ఎందరికి గుర్తు? ఆ సంగతి 1987లో అచ్చయింది. పాపం, ఆయన్ని పట్టుకున్నది తొందరగా వదల్లేదు. ఇక్కడి మావోరీ, పసిఫిక్ కుటుంబాల్లో ఈ క్రిమీ ఎక్కువే, కడుపు క్యాన్సరూ ఎక్కువే.

ఇంతకీ నా మనిషి రోజూ ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మింగుతున్నాడు. ఫారం మీద ఆ ముక్క ఎవరూ రాయలేదు. ఆమ్లం తగ్గితే క్రిమి పలచబడుతుంది, కడుపు కింది భాగం వదిలి పైకి జరుగుతుంది. నాకిచ్చింది కింది భాగం నుంచి ఒకే ఒక్క ముక్క. సవరించిన సిడ్నీ పద్ధతి అయిదు తీయమంటుంది.

ఆ సంగతి తెలిశాక మందు రెండు వారాలు ఆపించి ఈసారి అయిదూ తీశారు. పైభాగపు స్లైడులో గుంపుగా దొరికాయి. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, "దొరికినవ్ కొడకా" అన్నారు.

నా రిపోర్టును ఎవరూ కొట్టేయలేదు. కింద ఒక వాక్యం చేర్చారు: ఒకే ముక్క, ఒమెప్రజోల్ వాడకంలో తీసినది.