లవణసంజీవని: ఒక షాపు బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం

సముద్రపు చేపలు ఆర్డరుపై తెప్పించబడును.
ప్రాణమునకు గ్యారంటీ లేదు.

(సూర్యాపేటలో ఒక అక్వేరియం షాపు, గల్లాపెట్టె వెనక గోడ, ఆకుపచ్చ పెయింటు.)

అవతారిక

కోలాచలం మల్లినాథ సూరి మన మెదకు సీమవాడే. కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని, భారవి కావ్యానికి రాసినదానికి ఘంటాపథం అని పేర్లు పెట్టాడు. ఘంటాపథమంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. మా చివ్వెంల మండలంలోనూ అలాంటిదొకటుంది, 65వ నంబరు జాతీయ రహదారి. ఏనుగులకు బదులు లారీలు, గంటలకు బదులు హారన్లు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరప్పుడు మాత్రం నిజంగానే గజ్జెలు మోగుతాయి. ఆ రోడ్డు తూర్పుకు పట్టుకొని పోతే కోదాడ, విజయవాడ దాటి చివరికి బందరు. అంటే సముద్రం మా రోడ్డు మీదే ఉంది, కాకపోతే రోడ్డు బాగా పొడుగు.

అంత దూరం పోలేక ఇంటి ముందు గదిలో నాలుగడుగుల సముద్రం పెట్టుకున్నవాడు ఈ వ్యాఖ్యాత. పై మూలానికి ఇంతవరకు వ్యాఖ్యానాలు లేవు. బోర్డు కింద ఎవరో పెన్సిలుతో ‘నిజం’ అని మాత్రం రాసి పెట్టారు. దాన్ని ప్రాచీన లఘుటిప్పణిగా గ్రహించాము.

టీక

సముద్రపు: సాగరమునకు సంబంధించిన అని అర్థం చెప్పబోయి ఆగాము. ఈ సీమలో సాగరమన్న మాటకు రూఢ్యర్థం వేరు. కోదాడలోనో మిర్యాలగూడలోనో ‘సాగర్ నీళ్లొచ్చినయా?’ అని అడిగితే నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అనగా 1967లో నీళ్లు వదిలిన లాల్ బహదూర్ కాలువ, అని పసిపిల్లకు కూడా తెలుసు. సూర్యాపేట వైపు వస్తే ఇంకో సాగరం, శ్రీరాంసాగర్. రెండు సాగరాలుండి చిటికెడు ఉప్పు లేదు. అందుకే మూలకర్త ‘సాగరపు చేపలు’ అనక ‘సముద్రపు చేపలు’ అన్నాడు. ‘సాగరపు’ అన్నట్లయితే జనం కాలువ చేపలనుకొని బుట్టలతో వచ్చి ఉండేవారు.

పురాణాలు లెక్కపెట్టిన సప్తసముద్రాల్లో మొదటిది లవణ సముద్రం. దాన్ని ఇంట్లో కలుపుకోవాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున నా 250 లీటర్ల తొట్టికి తొమ్మిది కిలోల దాకా ఉప్పు పడుతుంది. ఇక్కడ మా పక్కింటి పెద్దమ్మ పూర్వపక్షం చేసింది: ‘ఉప్పే గద బిడ్డా, కిరాణంల పాకిట్లు తెచ్చి పొయ్యరాదు?’ సమాధానం ఏమంటే, సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడు కలిసి నూటికి 85 పాళ్లే. మిగతా పదిహేనులో మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం ఉంటాయి. ఆ పదిహేను పాళ్లకే బకెట్టు ధర అంతుంటుంది. పెద్దమ్మ ధర విని, పూర్వపక్షాన్ని వెనక్కు తీసుకోలేదు.

ఉప్పు కలిపే నీళ్లదీ అంత కథే. ఉమ్మడి నల్గొండ బోరునీళ్ల పేరు దేశమంతా తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరు నీరి సంస్థవాళ్లు కనిపెడితే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడింది. మన జిల్లాకు దక్కిన శాస్త్రీయ కీర్తి అది. ఆ నీళ్లను ఆర్వో పట్టి, ఆ తరవాత ఇంకో గొట్టంలో వడగట్టి, మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపాలి. మనుషులకు క్యాను నీళ్లు, చేపలకు అంతకన్నా శుద్ధజలం. ఇంట్లో దీని మీద ఇంకా చర్చ నడుస్తోంది.

మే నెల ఎండకు రోజూ నాలుగైదు లీటర్లు ఆవిరైపోతాయి. అగస్త్యుడు సముద్రాన్ని ఒక్కసారే తాగాడు, మా ఊరి సూర్యుడికి రోజూ దాహమే. నీరు పోతుంది కాని ఉప్పు పోదు. కనుక లోటును మంచినీటితోనే పూడ్చాలి. మొదట్లో నేను ఉప్పునీళ్లే పోశాను. వారంలో తొట్టి ఊరగాయ జాడీ అయింది.

చేపలు: ఈ మాటకు మా పట్టణాల్లో మూడర్థాలు. చేపల షాపంటే బొచ్చె, రవ్వ, మన రాష్ట్ర చేప కొర్రమట్ట, కోసి ఇస్తారు. అక్వేరియం షాపంటే గోల్డ్‌ఫిష్, ప్యారట్, వాస్తు కోసం అరోవానా, కోయరు. ఇక ఉప్పుచేపలని అడిగితే ఎండుచేపల దుకాణం దారి చూపిస్తారు. బతికి ఉన్న ఉప్పునీటి చేప అనే సమాసం వినగానే కౌంటరు దగ్గర ఒక క్షణం నిశ్శబ్దం పడుతుంది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్‌ఫిష్‌ను ‘నీమో’ అంటే మాత్రం అందరికీ తెలుసు, 2003 నాటి సినిమా పుణ్యమా అని. అది పుట్టడం మగదిగానే పుడుతుంది. గుంపులో పెద్దది ఆడదవుతుంది. ఆ ఆడది పోతే దాని జోడు మగది ఆడదై కూచుంటుంది. చేప మగదైనా ఆడదైనా తెలుగు వ్యాకరణంలో అమహత్తే గనుక మనకు ఇబ్బంది లేదు.

మూలంలో చేపలన్నాడే కాని పగడమనలేదు. ఇది గమనించవలసిన విశేషం. పగడమంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టేదని చాలామంది ఎరుక. దిబ్బలు కట్టే రాతి పగడం వేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో 2001లో దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు, పులి పక్కన. సముద్రపు గుర్రానికీ అప్పుడు అదే పీట. మన్నారు సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో ఒక ముక్క విరిచి తేవడం పులిగోరు దాచుకోవడంతో సమానం. మన తెలుగు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేనేలేవు. గోదారి, కృష్ణ తెచ్చి కుమ్మరించే మంచినీరూ ఒండ్రూ వాటికి గిట్టవు. మా పొలాలు పండించే కృష్ణమ్మే అక్కడ పగడాన్ని మొలవనివ్వదు. అందుచేత నా ‘రీఫ్’లో ఉన్నది కాల్చిన మట్టితో చేసిన గుల్లరాయి. ఎవరైనా షాపువాడు గొంతు తగ్గించి ‘లోపల అసలుది ఉంది’ అంటే చెప్పులు వేసుకొని బయటికి రావడమే.

ఆర్డరుపై తెప్పించబడును: కర్మణి ప్రయోగం, కర్త లుప్తం. ఎవరు తెప్పిస్తారు, ఎక్కడినుంచి? విచారించగా మద్రాసు కొళత్తూరు నుంచి హైదరాబాదుకు, అక్కడినుంచి బస్సు పార్సిలులో సూర్యాపేటకు అని తెలిసింది. థర్మోకోలు పెట్టె, ప్లాస్టిక్ సంచి, అందులో మూడో వంతు నీళ్లు, మిగతా ఆక్సిజను. కర్త ఇంతమంది కనుకనే కర్తను చెప్పలేదని మా అభిప్రాయం.

ప్రాణమునకు: గ్రంథమంతా ఈ ఒక్క పదంలో ఉంది.

నా మొదటి నీమోను హైదరాబాదులో కొన్నాను. ఆ షాపువాళ్లు అడిగింది ఒక్కటే, ఫోన్‌పేనా క్యాషా అని. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరాను. సంచి విప్పి, నీళ్లను బకెట్టులో పోసి, మెడికల్ షాపులో తెచ్చిన సెలైన్ పైపుతో తొట్టి నీళ్లు చుక్కచుక్కగా వదిలాను. ఎవరో అట్లా చెప్పారు, చూడ్డానికి ఆస్పత్రిలా గౌరవంగా కూడా ఉంది. రెండు గంటలు స్టూలు మీద కూచొని చుక్కలు లెక్కబెట్టాను. చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే హుషారుగా ఉందనుకున్నాను. పదకొండింటికి పక్కకు ఒరిగింది.

తరవాత తెలిసిన శాస్త్రం ఇది. మూసిన సంచిలో చేప ఊపిరి పేరుకొని నీటి పి.హెచ్. దిగుతుంది. ఆ నీటిలో చేప వదిలిన అమ్మోనియా అమ్మోనియమై సాధువులా పడి ఉంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పి.హెచ్. లేస్తుంది, బంగారు జింకలోంచి మారీచుడు లేచినట్టు అమ్మోనియా లేస్తుంది. కనుక సంచిని కట్టినది కట్టినట్టే తొట్టిలో తేల్చి, వేడి సమానమయ్యాక విప్పి, తాత్సారం చేయకుండా చేపను దాటించాలి. నేను దానికి రెండు గంటలపాటు భక్తిశ్రద్ధలతో విషం పట్టాను.

పైగా నా తొట్టి వయసు అప్పటికి అయిదు రోజులు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద నిలదొక్కుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. దీనికే సైకిలని పేరు. సూర్యాపేట షాపాయన మొదటిసారి ‘సైకిల్ అయిందా అన్నా?’ అన్నప్పుడు, లేదు, బండి మీదొచ్చాను అని జవాబిచ్చాను.

నీటిని చిలికే స్కిమ్మరనే యంత్రం కూడా ఈ పదం కిందికే వస్తుంది. సన్నని బుడగలు మురికిని అంటించుకొని నురగై పైకొస్తాయి. ఇది సముద్రమథనమే, కాని అమృతం రాదు. కప్పు నిండా చాయ్ రంగు హాలాహలం వస్తుంది. తాగే శివుడు లేడు, మోరీలో పారబోస్తాము.

గ్యారంటీ లేదు: కొందరు దీన్ని వ్యాపారి తప్పించుకునే మాటగా వ్యాఖ్యానిస్తారు. అది స్థూలబుద్ధి. గ్యారంటీ ఉందన్న షాపును నమ్మకూడదని మా మతం. మంచి షాపును తొట్టెల తళుకుతో పోల్చుకోరాదు. చేప ముందు నిలబడి ‘ఏదీ, మేత వేయండి’ అనాలి. తినని చేపను ఎంత చవకైనా తేకూడదు. హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అని అడగాలి. హేచరీ పిల్ల గుళికల మేతకు అలవాటుపడి ఉంటుంది. ఇవన్నీ మనం వాళ్లను అడిగేవి. అసలు పరీక్ష వాళ్లు మనను ఏమడుగుతారన్నదే.

తాత్పర్యం

మూలకర్త స్వయంగా సెలవిచ్చాడు. నా కథంతా విని, డబ్బులు గల్లాలో వేసుకోకుండా నా వైపే నెట్టి, ‘ఇప్పుడే వద్దన్నా. వచ్చే నెల నీళ్లు పట్టుకొని రా’ అన్నాడు.

వచ్చే నెల మందుసీసాలో తొట్టి నీళ్లు తీసుకుపోయాను. ఆయన గాజుగొట్టంలో పోసి, రెండు మందులు చుక్కలేసి, ఊపి, వాచీ చూస్తూ నిలబడ్డాడు. ఆకుపచ్చ తిరిగితే అమ్మోనియా ఉన్నట్టు. అయిదు నిమిషాలకు గొట్టాన్ని ట్యూబులైటుకెత్తి పట్టాడు. పసుపు.

‘ఎన్ని కావాలె?’

‘నాలుగు’ అన్నాను.

‘రెండిస్త’ అని ఆర్డరు పుస్తకం తీశాడు.