తొంభై రోజుల వ్రతకథ

పక్కపక్కనే రెండు ఫోటోలు. ఎడమవైపు మనిషి ట్యూబులైటు వెలుగులో నిలబడి ఉంటాడు. భుజాలు జారిపోయి, పొట్ట బనీను కిందనుంచి తొంగిచూస్తూ, ఊళ్ళో అప్పులన్నీ తన పేరు మీదే ఉన్నట్టు దిగాలుగా చూస్తుంటాడు. కుడివైపూ ఆయనే, తొంభై రోజుల తర్వాత. పైనుంచి పడే లైటు, ఒంటికి నూనె, బిగబట్టిన ఊపిరి, కొత్త నిక్కరు, కొత్త క్రాపు. వ్యాయామం చేస్తే కండలు వస్తాయని ఒప్పుకుంటాను. కానీ చామనఛాయ మనిషి పచ్చగా నిగనిగలాడడం, గడ్డం ఓ తీరుకు రావడం, వెనకున్న గోడకి రంగు పడడం ఏ ఎక్సర్‌సైజు ఫలితాలో కోచ్ గారే సెలవివ్వాలి.

కూకట్‌పల్లి నుంచి గాజువాక దాకా జిమ్ము గోడల మీద, ఫోను తెరల మీద ఈ జంట ఫోటోలే. విదేశాల్లో కొందరు ట్రైనర్లు తామే ఈ గుట్టు విప్పారు. ఒకే రోజు, గంట కూడా తేడా లేకుండా, రెండు ఫోటోలూ దిగి చూపించారు. సుష్టుగా తిని వదులుగా నిలబడితే ‘ముందు’. నాలుగు పుషప్పులు తీసి, లైటు మార్చి, పొట్ట లోపలికి లాగితే ‘తర్వాత’. మధ్యలో తొంభై రోజులు ఎందుకు దండగ అనిపిస్తుంది చూసినవాడికి.

‘మొదటి వారంలోనే మూడు కిలోలు!’ అన్నది ఈ తొంభై రోజుల ప్రోగ్రాములకి ప్రాణం. తగ్గుతాయి, కాదనను. అన్నం, చపాతీ ఆపేయగానే కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చయిపోతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది పోతే ఇదీ పోతుంది. కాదు, పోయిందంతా కొవ్వే అంటారా, లెక్క వేద్దాం రండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలి. మూడు కిలోలకి 23,100. వారం మీద పంచితే రోజుకి 3,300. మన ఆఫీసు ఉద్యోగి పొద్దున్నే నడిచి, మెట్లెక్కి, సాయంత్రం దాకా మేనేజర్ని మనసులో తిట్టుకున్నా రోజు మొత్తానికి అంత ఖర్చు పెట్టడు. వారమంతా పచ్చి ఉపవాసం ఉన్నా ఆ లోటు తేలదు. కాబట్టి మొదటి వారపు విజయంలో సింహభాగం నీళ్ళు. ఓ పెళ్ళికి వెళ్ళి రెండు పూటలు పులిహోర, లడ్డూ కానిస్తే ఆ నీళ్ళు సగౌరవంగా తిరిగొస్తాయి.

ఇక బాడీ కంపోజిషన్ మిషన్. చెప్పులు విప్పి ఎక్కి, రెండు పిడులు పట్టుకుంటే ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూసి కొవ్వెంత, కండెంత అని అంచనా కడుతుంది. అంచనా అని నేనంటున్నాను. కాగితం మీద మాత్రం దశాంశాలతో సహా అచ్చవుతుంది. ఒంట్లో నీరు ఎక్కువ తక్కువలైతే చాలు, ఆ అంకె కదిలిపోతుంది. అదే కాగితం అడుగున ‘మెటబాలిక్ ఏజ్’ అని ఒకటుంటుంది. 34 ఏళ్ళ కుర్రాడు చేరిన రోజున అది 51 చూపించి గుండె ఆగినంత పని చేస్తుంది. ప్రోగ్రాం పూర్తయ్యేసరికి దయతలచి 33కి దించుతుంది. పోయిన యవ్వనం కోసం యయాతి కన్నకొడుకుని బతిమాలుకోవాల్సొచ్చింది. ఇక్కడ ఈఎంఐ చాలు.

ఈ సాక్ష్యాలూ స్తోత్రాలూ చదువుతుంటే నాకు సత్యనారాయణ వ్రతకథే గుర్తొస్తుంది. చేసినవాడికి సిరిసంపదలు. చేస్తానని మొక్కుకుని వాయిదాలేసిన వర్తకుడికి కష్టాలు. ప్రసాదం పుచ్చుకోకుండా మొగుడి కోసం పరుగెత్తిన కళావతికి పడవ మాయం. జిమ్ము కథలోనూ ఒక వర్తకుడున్నాడు గానీ కష్టాలు ఆయన దరిదాపులకి రావు, అన్నీ భక్తుడికే. పైగా అక్కడ ప్రసాదం తినకపోతే పడవ మునిగింది, ఇక్కడ తింటే మునుగుతుంది. బరువు తగ్గిందా, ప్రోగ్రాం మహిమ. తగ్గలేదా, “సార్, మొన్న మీ మేనత్త గారి గృహప్రవేశంలో బొబ్బట్లు తిన్నారు కదా, స్టేటస్‌లో చూశాను.” ఎటు తిరిగినా ఓడిపోని సిద్ధాంతం ఇది. మోకాలు పట్టేసి రెండో వారంలో మంచమెక్కినవాడికి కథలో అధ్యాయం లేదు. మూడో వారంలో ఆడిట్ పనులొచ్చి మానేసినవాడికీ లేదు. గోడ మీద పదిమంది బొమ్మలున్నాయి. ఎంతమందిలో పదిమంది అన్నది మాత్రం ఏ గోడా చెప్పదు.

ఇలాంటి ప్రకటనల మీద చట్టం లేదా అంటారు. ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. ఫలానా జబ్బుల్ని మందుతో కుదురుస్తామని ప్రకటనలు ఇవ్వకూడదంటూ ఇచ్చిన పట్టికలో స్థూలకాయమూ ఉంది. మ్యాజిక్ రెమెడీ అంటే ఏమిటో వివరిస్తూ తాయెత్తు, మంత్రం, కవచం అని పేరుపేరునా రాశారు. పాపం, ఆనాటి పెద్దలకి ‘ట్రాన్స్‌ఫర్మేషన్ ప్యాకేజీ’ తట్టలేదు. ఇది మందు కాదు, తాయెత్తు కాదు, కవచం కాదు. మంత్రం అవునో కాదో (చెవి పక్కన నిలబడి “వన్ మోర్, వన్ మోర్” అని జపించేదాన్ని ఏమనాలో) న్యాయకోవిదులు తేల్చాలి.

అసలు సంగతి వ్రతం ఉద్యాపన అయ్యాక ఉంటుంది. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అని ఒక టీవీ పోటీ నడిచింది. ఎవరు ఎక్కువ బరువు తగ్గితే వాళ్ళకి బహుమతి. జంట ఫోటోల లోకంలో అంతకు మించిన కైలాసం లేదు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచి కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం కొలతలు తీసింది. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పోటీ ముగిసేనాటికి సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు ఆరేళ్ళలో 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ ఒళ్ళు ఖర్చు చేసే శక్తి, వాళ్ళంత మనుషులకి ఉండాల్సిన దానికన్నా రోజుకి దాదాపు 500 క్యాలరీలు తక్కువ తేలింది. ఆరేళ్ళయినా శరీరం ఆ కరువు కాలాన్ని మరిచిపోలేదు, పొదుపు మానలేదు. మేనత్త గారి బొబ్బట్లకి ఇందులో ప్రమేయం లేదని మనవి. ప్రోగ్రాం అమ్మేవాళ్ళు తొంభయ్యో రోజునే కెమెరా ఎందుకు తీస్తారో, మూడు వందల అరవై అయిదో రోజున ఎందుకు తీయరో వాళ్ళకి బాగా తెలుసు.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్ముల హాజరు పట్టీలు తిరగేసి 2006లో ఒక పరిశోధనా పత్రం వేశారు. నెలకి 70 డాలర్లకి పైగా కట్టిన సభ్యులు సగటున నెలకి 4.3 సార్లు వెళ్ళారట. ఒక్కో హాజరు 17 డాలర్ల పైన పడింది. పది సార్ల పాసు కొనుక్కుంటే ఒక్కో హాజరుకి 10 డాలర్లే. మన దగ్గర జనవరి మొదటి వారంలో ఏడాది ప్యాకేజీ కట్టినవాళ్ళంతా మార్చిలో ఒకేసారి హాజరైతే ట్రెడ్‌మిల్లు దగ్గర టోకెన్లు ఇవ్వాల్సొస్తుంది. అలాంటి ఉపద్రవం రాదన్న ధీమా ఉంది కాబట్టే ఆ ధరకి అమ్మగలుగుతున్నారు.

వ్యాయామం మీద నాకు కోపం లేదు. దానికి జరుగుతున్న అన్యాయం మీదే నా గోల. తిండి మార్చకుండా ఒక్క వ్యాయామంతో బరువు తగ్గించడం కష్టం, అందులో దాని చేయి అంతంత మాత్రం. కానీ త్రాసు ముల్లు కదలకపోయినా రక్తపోటు దిగుతుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడతాయి, నిద్ర పడుతుంది. దానికి చేతనైన పనుల్ని పక్కన పెట్టి, చేతకాని పనిని ఫ్లెక్సీకి ఎక్కించారు. గడిచిన రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది చూశారూ, అది తొంభై రోజుల ప్రోగ్రాం కోసమే కనిపెట్టారా అన్నట్టుంటుంది. ‘ముందు 7.4, తర్వాత 6.6’ అని ఒక్క జిమ్ము గోడ మీదైనా చూశారా? అందులో బొడ్డు కనపడదు కదా. కోఠీలో మూడంతస్తులు ఆయాసపడకుండా ఎక్కిన పిన్నిగారి ఫోటో గానీ, నేల మీద చెయ్యి ఆన్చకుండా పీట మీంచి లేచిన మావగారి ఫోటో గానీ ఎవరు వేస్తారు? వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకుని చూపించాడు. ఆయన ఫలితం ఏనుగు. పొట్ట బిగబట్టి తేగలిగింది కాదది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పింది ఇంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకి బరువు పని. దీన్ని ప్యాకేజీ కట్టి అమ్మడం కష్టం. ట్యాంక్‌బండ్ మీద నడవడానికి టికెట్టు లేదు, ఆర్కే బీచ్‌లో రెన్యూవల్ లేదు.

మొన్న ఒక జిమ్ము కౌన్సెలర్‌కి ఫోను చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. “పోయినేడాది మీ దగ్గర ప్రోగ్రాం పూర్తి చేసినవాళ్ళలో ఎంతమంది ఇవాళ్టికీ అలాగే ఉన్నారమ్మా?”

ఆ పిల్ల ఒక్క క్షణం తడబడింది. అంతలోనే గొంతులోకి ఉత్సాహం తెచ్చుకుంది.

“సార్, మీ హైట్ ఎంతండీ?”