ఆయిల్ గేజీ ఆత్మకథ

నేను ఆయిల్ గేజీని. బాగేపల్లిలో పాత హైవే పక్కనున్న ఒక మెకానిక్ షెడ్డు నా ఇల్లు. స్పానర్ల పెట్టెలో, చిరిగిన బనీను గుడ్డలో చుట్టి ఉంచుతారు నన్ను. షెడ్డు బోర్డు కన్నడంలో ఉంటుంది, లోపల తిట్లూ బేరాలూ తెలుగులో సాగుతాయి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు ఎక్కడికెళ్ళినా ఇదే వరస. ఒకప్పుడు కోలారు జిల్లా వాళ్ళం, 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా వాళ్ళమయ్యాం. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే ఏడో నంబరు హైవే కూడా 44 అయింది. షెడ్డుకొచ్చే బండ్ల జబ్బులు మాత్రం పాతవే.

మా వంశానికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశస్థుడు యూజీన్ బూర్డాన్. 1849లో మా మీద పేటెంటు తీసుకున్నాడు. నా గుండ్రటి ముఖం వెనక వంపు తిరిగిన పల్చటి లోహపు గొట్టం ఉంది, దాని ఒక కొస మూసి ఉంటుంది. జాతరలో పిల్లలు ఊదితే చుట్ట విప్పుకునే కాగితపు పీపీ ఉంటుంది చూడండి, నా గొట్టం చేసే పనీ అదే. నూనె ఒత్తిడికి అది కాస్త విచ్చుకుంటుంది, ఆ కాస్త కదలికా పళ్ళచక్రాల మీదుగా ముల్లుకు చేరుతుంది. నాకు కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

డ్యాష్‌బోర్డు మీద నూనె ఒత్తిడి గురించి చెప్పే ఎర్రలైటు సంగతి వేరు. దానికి వెలగడం, ఆరడం తప్ప మూడో మాట రాదు. స్విచ్చి చెడినా వెలుగుతుంది, వైరు బాడీకి తగిలినా వెలుగుతుంది, ఇంజిన్ చావుబతుకుల్లో ఉన్నా అలాగే వెలుగుతుంది. అందుకే మా మేస్త్రి ముందు ఆ స్విచ్చిని విప్పేస్తాడు. ఆ రంధ్రంలో నా పైపు బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయిస్తాడు. "కొలవకుండా నోరు తెరవొద్దురా! విశ్వేశ్వరయ్య పుట్టిన జిల్లా ఇది" అని హెల్పరు పిల్లాణ్ణి కసురుతుంటాడు. ఆ ఇంజినీరు పుట్టిన ముద్దేనహళ్ళి మా జిల్లాలోదే మరి.

చాలామంది ఆయిల్ పంపే ఒత్తిడి పుట్టిస్తుందనుకుంటారు. పంపు నూనెను తోస్తుంది, అంతే. క్రాంకుకీ బేరింగుకీ మధ్య వెంట్రుక మందం కూడా లేని సందులో దూరడానికి ఆ నూనె పెనుగులాడుతుంది. ఒత్తిడి పుట్టేది ఆ పెనుగులాటలో. సందు పెరిగినా, నూనె పలచబడినా నా ముల్లు కిందికి దిగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక పడిపోతే సాధారణంగా ఈ రెండింటిలో ఏదో ఒకటి. రేస్ చేసినా ముల్లు పైకి లేవకపోతే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో, ఛాంబర్ అనే అడుగు నూనె తొట్టిలో స్ట్రైనర్ మూసుకుపోయిందేమో చూడాలి. కంపెనీ పుస్తకం దొరకనప్పుడు మెకానిక్‌లకు ఒక లెక్కుంది: ప్రతి 1000 ఆర్పీఎంకు 10 పీఎస్ఐ. మా వాళ్ళు కేజీల్లో చెబుతారు, ఒక కేజీ అంటే సుమారు 14 పీఎస్ఐ.

మేస్త్రి అత్తగారి ఊరు చింతామణి దగ్గర. ఒకసారి టమాటా కోతల వేళ మామగారి ట్రాక్టరులో ఎర్రలైటు వెలిగింది. అక్కడి మెకానిక్ ఒకాయన ఇంజిన్ శబ్దం విని "క్రాంకు పోయింది, దించాల్సిందే" అని తేల్చేశాడట. మార్కెట్టుకు పెట్టెలు తోలాల్సిన రోజులవి. మేస్త్రి నన్ను సంచిలో వేసుకుని చేలూరు మీదుగా బయల్దేరాడు.

"నూనె తగ్గలేదు అల్లుడా, గీత మీద ఇంకా ఎక్కువే ఉండాది" అన్నాడు మామగారు ధీమాగా.

"ఎక్కువ ఉండాదంటేనే నాకు భయం మామా" అన్నాడు మేస్త్రి.

డిప్ స్టిక్ తీసి రెండు వేళ్ళ మధ్య నూనె రుద్దాడు. జిగురు లేదు, నీళ్ళలా జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, డీజిల్ వాసన గుప్పుమంది. రేడియేటర్ నీళ్ళు కలిసుంటే మజ్జిగ రంగు వచ్చేది, అది లేదు. నన్ను బిగించి కాసేపు నడిపాడు. చల్లగా ఉన్నప్పుడు రెండు కేజీలు దాటాను, కొంచెం వేడెక్కగానే స్లోలో అరకేజీకి దిగాను. వెంటనే ఆపించాడు. బేరింగు కొట్టుకునే మోత ఎక్కడా లేదు. డీజిల్ ఫీడ్ పంపు విప్పితే డయాఫ్రమ్ రబ్బరు మీద గోరంత చీలిక. ట్యాంకులో డీజిల్ ఆ చీలిక గుండా ఛాంబర్‌లోకి దిగి నూనెను పలచన చేసింది. ఫీడ్ పంపు, నూనె, ఫిల్టరు మార్చాక వేడి మీదే స్లోలో కేజీ పైన నిలబడ్డాను. క్రాంకు విప్పే పనే పడలేదు.

అన్ని కథలూ ఇలా ముగియవు. చేలూరు రోడ్డులో తిరిగే జీపు డ్రైవరొకడు ఎర్రలైటు కంట్లో పడుతోందని దాని వైరు పీకేశాడు. ఇంకొకరి సలహాతో చిక్కటి నూనె పోశాడు. షెడ్డుకు లాగి తెచ్చేసరికి బేరింగుల తెల్లటి పూత అరిగిపోయి కింద రాగి ఎర్రగా బయటపడింది. అక్కడ నాకు పనే లేకపోయింది.

హెల్పరు పిల్లాడు ఫోనులో రోటరీ ఇంజిన్ వీడియోలు చూస్తుంటాడు. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల రోటరు గిర్రున తిరుగుతుంది. ఫెలిక్స్ వాంకెల్ ఊహ అది. 1957లో జర్మనీలో మొదటిసారి నడిచింది, 1991లో మాజ్దా 787బీ దాంతోనే లీ మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. దానికి నూనె అంటే ప్రాణం. బేరింగులను తడపాలి, రోటర్లను లోపలి నుంచి చల్లబరచాలి, కొంత సీళ్ళ కోసం కాలిపోవాలి కూడా. నూనె తగ్గడం దానికి మామూలే కాబట్టి డిప్ స్టిక్ మరిచినవాడికి తిప్పలు తప్పవు. మాజ్దా వాటిలో ముందు కవరు దగ్గరి ఓ-రింగు తప్పుకున్నా ముల్లు పడిపోతుంది, వెనకున్న ప్రెషర్ రెగ్యులేటర్ మొరాయించినా పడిపోతుంది. అయినా అక్కడా పరీక్ష వరస ఇదే: నూనె మట్టం, నూనె తీరు, నాలాంటి గేజీ, ఆ తర్వాతే ఇంజిన్ విప్పడం.

బండి నడిపే మీ అందరికీ నా మనవి ఒకటే. నడుస్తుండగా ఎర్రలైటు వెలిగితే ఊరు దగ్గర్లోనే ఉందని లాక్కెళ్ళకండి. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. కాసేపాగి డిప్ స్టిక్ చూడండి, తగ్గిందా అనే కాదు, పెరిగిందా అని కూడా. ఇంజిన్ దించాలని ఎవరైనా అంటే, ముందు గేజీ పెట్టి ఎన్ని కేజీలుందో చూపించమని అడగండి. చూపించకపోతే బండి ఇంకో షెడ్డుకు పంపండి.